మానేశాక వచ్చే కలలు

నాన్నా, రాత్రి రెండింటికి షిఫ్టు దిగి మారతహళ్లి పీజీకి చేరాక, రెండు దమ్ములు గంజాయి లాగితేగాని కన్ను మూతపడటం లేదని ఫోన్లో చెప్పావు. దాచకుండా చెప్పావు, అంతే చాలు. మీ అమ్మానాన్నల దాకా పోనివ్వను, తిట్టను. ఆ నిద్ర ఎలా వస్తోందో మాత్రం తెలుసుకో.

మన మెదడు తనకు కావలసినప్పుడు ఆనందమైడ్ అనే పదార్థాన్ని తానే తయారుచేసుకుంటుంది. దాన్ని 1992లో గుర్తించారు. అది సీబీ1 గ్రాహకాల మీద పనిచేసి కాసేపట్లో విరిగిపోతుంది. గంజాయిలోని టీహెచ్‌సీ పట్టుకునేదీ ఆ గ్రాహకాలనే, కానీ గంటల తరబడి వదలదు. మొదట్లో తొందరగా కునుకు పట్టేది అందుకే. రోజూ తాగితే ఆ గ్రాహకాలు తగ్గిపోతాయి. దమ్ములు పెరుగుతాయి, నిద్ర పెరగదు. కలలొచ్చే రెమ్ నిద్ర కూడా కుంచించుకుపోతుంది.

నా బెంగంతా నువ్వు మానేశాక వచ్చే రాత్రుల గురించే. ఒకటి రెండు రోజుల్లో చిరాకు, చెమటలు మొదలై తొలి వారంలోనే ముదురుతాయి. అణగి ఉన్న కలలు విరుచుకుపడతాయి, ఉలిక్కిపడి లేస్తావు. ‘అది లేకపోతే నాకు నిద్రే లేదు’ అనిపిస్తుంది. చాలామంది మళ్లీ మొదలుపెట్టేది అక్కడే. అది నీ నిద్ర తీరు కాదురా, గంజాయి వదిలిపోతున్నప్పటి బాధ. చాలావరకు రెండు వారాల్లో తగ్గుతుంది, నిద్రకు ఇంకొంచెం ఎక్కువ పట్టొచ్చు. మానేసిన నెలకల్లా సీబీ1 గ్రాహకాలు దాదాపు మామూలుకు వస్తాయని స్కాన్లలో చూశారు. ఈ మాట గుర్తుపెట్టుకో, ఆ రాత్రుల్లో పనికొస్తుంది.

గంజాయి మొక్క నుంచే తీసే సీబీడీ నూనె వాడమని ఎవరో చెప్పారన్నావు. నిద్రలేమికి అది మందని చెప్పడానికి రుజువులు చాలవు, తక్కువ మోతాదులో మెలకువ పెంచినట్టు కూడా కొన్ని పరిశోధనల్లో కనిపించింది. ముందు షిఫ్టు మధ్యలో తాగే ఆ కాఫీలు మానెయ్. పగలంతా మెదడులో పేరుకుని నిద్ర తెప్పించేది ఎడినోసిన్. కాఫీ దాన్ని గంటల పాటు పనిచేయనివ్వదు.

హోసూరు రోడ్డులోని నిమ్హాన్స్‌లో వ్యసనాల వైద్యానికి ప్రత్యేక విభాగమే ఉంది. నీలాంటి పిల్లలు ఎందరో వెళ్తారు, సిగ్గుపడాల్సిందేం లేదు. ఈలోగా రాత్రిపూట భరించలేకపోతే 14416కు ఫోన్ చెయ్, టెలిమానస్ అనే మానసిక ఆరోగ్య హెల్ప్‌లైన్ వాళ్లు తెలుగులోనే మాట్లాడతారు. నేను ఆదివారం రాత్రి అనంతపురంలో బస్సెక్కుతాను. సోమవారం పొద్దున్నే ఓపీకి ఇద్దరం కలిసే వెళ్దాం, ఆఫీసులో సెలవు చెప్పి ఉంచు.