కొత్త గేమ్ ఆడాలనిపించట్లేదా? అది వైరాగ్యమా, బద్ధకమా?



ముందుగా ఒక చిన్న ప్రశ్న. సేల్‌లో కొనేసి, డౌన్‌లోడ్ చేసేసి, ఇంతవరకూ ఒక్కసారి కూడా తెరవని గేమ్స్ మీ దగ్గర ఎన్ని ఉన్నాయి? అవన్నీ అలాగే ఉంటాయి. ఆదివారం రెండు గంటలు ఖాళీ దొరికిందంటే మాత్రం మన చెయ్యి మళ్లీ ఆ పాత గేమ్ మీదికే పోతుంది. ఏ మూల ఎవరు దాక్కుంటారో, ఏ మ్యాప్‌లో ఏ గన్ ఎక్కడ దొరుకుతుందో కళ్లు మూసుకుని చెప్పగలిగే గేమ్ అది. కొత్తది తెరిస్తే ట్యుటోరియల్ దగ్గరే ఆవలింత వస్తుంది. "ఇంక నాకు వయసైపోయింది బ్రో" అని ముప్పై ఏళ్లకే నవ్వుతూ అనేస్తాం.

భక్తి ఛానల్లో ఈ గేముల గోల ఏంటి అనుకోకండి. దీని అడుగున మన పెద్దలు వేల ఏళ్లుగా అడుగుతున్న ప్రశ్నే ఉంది. వయసు పెరిగేకొద్దీ మనలో ఏది తగ్గితే మంచిది? ఏది తగ్గకుండా చూసుకోవాలి?

పుష్కరాల లెక్క

మంచిర్యాల జిల్లా చెన్నూరు మీకు తెలిసే ఉంటుంది. నాసిక్ దగ్గర త్ర్యంబకంలో పుట్టిన గోదావరి తూర్పు, ఆగ్నేయ దిక్కులుగా ప్రవహిస్తూ వచ్చి, ఇక్కడ కొంతదూరం ఉత్తరం వైపు తిరుగుతుంది. అందుకే దీన్ని పంచక్రోశ ఉత్తరవాహిని అంటారు. కాశీలో గంగ కూడా ఉత్తరవాహినే కాబట్టి ఇక్కడి స్నానానికి అంత విశేషం. నది ఒడ్డున పుట్టినవాళ్లకు వయసు లెక్కపెట్టుకోవడానికి బర్త్‌డేల కంటే పుష్కరాలు బాగా పనికొస్తాయి. బృహస్పతి సింహరాశిలోకి వచ్చినప్పుడు, అంటే పన్నెండేళ్లకు ఒకసారి, గోదావరికి పుష్కరం. 1991, 2003, 2015 అయిపోయాయి. వచ్చేది 2027.

1991 పుష్కరాల ఏడాది పుట్టిన ఒక చెన్నూరు పిల్లవాడిని ఊహించుకోండి. 2003లో వాడికి 12. మంచిర్యాలలోనో కరీంనగర్‌లోనో చుట్టాలింటికి పోతే, ఇంటర్నెట్ సెంటర్లో వైస్ సిటీ, కౌంటర్ స్ట్రైక్ చూసి నోరు తెరిచి నిలబడే వయసు. 2015లో 24. అప్పటికి చేతిలో స్మార్ట్‌ఫోన్, హైదరాబాద్‌లో మొదటి ఉద్యోగం. 2018లో పబ్‌జీ మొబైల్ వచ్చింది. 2020 సెప్టెంబరులో ప్రభుత్వం దాన్ని ఆపేసింది. 2021 జులైలో అదే ఆట బీజీఎంఐ పేరుతో తిరిగొస్తే, పోయిన చుట్టం ఇంటికొచ్చినంత సంబరపడ్డాడు. 2027 పుష్కరాలకు వాడికి 36 నిండుతాయి. ఒక్కో పుష్కరానికీ ఫోన్ కొత్తదైంది, కంప్యూటర్ కొత్తదైంది, గేమ్స్ కొన్ని వందల రెట్లు అందంగా అయ్యాయి. మొదటిసారి ఆ నోరు తెరిచి నిలబడ్డ కుతూహలం మాత్రం పుష్కరానికింత చొప్పున తగ్గుతూ వచ్చింది. ఎందుకు?

చేతివేగం తగ్గిందా?

సైన్స్ ఏమంటుందో ముందు చూద్దాం. కెనడాలోని సైమన్ ఫ్రేజర్ యూనివర్సిటీ పరిశోధకులు 2014లో ప్లాస్ వన్ అనే పత్రికలో ఒక పరిశోధన ప్రచురించారు. స్టార్‌క్రాఫ్ట్ 2 ఆడే, 16 నుంచి 44 ఏళ్ల మధ్య వయసున్న 3,305 మంది ఆట రికార్డుల్ని వాళ్లు పరిశీలించారు. తెర మీద కొత్త దృశ్యం కనిపించాక ఆటగాడు మొదటి కదలిక చేయడానికి పట్టే సమయం 24 ఏళ్ల దగ్గర నుంచే మెల్లగా పెరగడం మొదలవుతుందని తేలింది. మన చెన్నూరు కుర్రాడికి 2015 పుష్కరాలప్పుడు ఉన్న వయసు అదే!

అయితే అందులోనే ఇంకో మంచి విషయం ఉంది. వయసులో పెద్దవాళ్లు ఆ ఆలస్యాన్ని వేరే దారిలో సర్దుకుంటున్నారు. సులువైన వ్యూహాలు ఎంచుకుంటున్నారు, షార్ట్‌కట్లను తెలివిగా వాడుకుంటున్నారు. అంటే వేళ్లు నెమ్మదించినా బుద్ధి దారి వెతుక్కుంటోంది. పైగా వేగం అక్కర్లేని గేమ్స్ ఎన్ని లేవు? పజిల్స్ ఉన్నాయి, కథలు ఉన్నాయి, ఊళ్లు కట్టేవి ఉన్నాయి. వాటిని కూడా మనం తెరవట్లేదంటే తప్పు వేళ్లది కాదు.

అసలు అడ్డుపడేవి మూడు

మొదటిది బాధ్యత. ఈఎంఐలు, నైట్ షిఫ్టులు, పసిపిల్లల జ్వరాలు, ఊళ్లో అమ్మానాన్నల మందులు. వీటి వల్ల ఆట తగ్గితే బాధపడాల్సిన పనే లేదు. అది గృహస్థ ధర్మం.

రెండోది జ్ఞాపకం. పాత గేమ్‌లో మనం ఆడింది ఒక్క ఆటే కాదు. పక్కన అరిచిన దోస్తులు, ఎండాకాలం సెలవులు, ఇంట్లో తెలిస్తే తిడతారన్న భయం, అన్నీ అందులో ఉన్నాయి. కొత్త గేమ్‌ని ఆ మొత్తంతో పోలిస్తే అది ఎప్పటికీ ఓడిపోతుంది. గెలవడానికి దానికి ఛాన్సే ఇవ్వం.

మూడోది చెప్పుకోవడానికి కాస్త ఇబ్బందిగా ఉండేది, అహంకారం. పాత గేమ్‌లో నేను మొనగాణ్ణి. కొత్త గేమ్‌లో అఆలు రాని పిల్లవాణ్ణి. ఆఫీసులో నలుగురికి పని చెప్పే మనిషిని, పద్నాలుగేళ్ల మేనల్లుడు "మామా, అది కాదు, ఎడమ బటన్ నొక్కాలె" అని సరిదిద్దితే లోపల ఎక్కడో గుచ్చుకుంటుంది. అందుకే "ఇగ గీ వయసుల గివన్ని ఎవలు నేర్చుకుంటరు" అని తప్పించుకుంటాం. దానికి వయసు అని పేరు పెడతాం. కొంచెం పెద్దమనిషిలా కనిపించాలంటే వైరాగ్యం అని కూడా పేరు పెడతాం.

శంకరులు ఆటను ఎవరికిచ్చారు?

ఇక్కడ ఆదిశంకరుల దగ్గర ఒక చిత్రమైన విషయం కనిపిస్తుంది. ఆయన పేరుతో మనం పాడుకునే భజగోవిందంలో ఒక్కో వయసుకీ ఒక్కో వ్యాపకం చెబుతూ, ఆటను బాల్యానికి అప్పగించేశారు. అది విన్నవాళ్లు ఆట అంటే ఎదిగేకొద్దీ వదిలేయాల్సిన పిల్లచేష్ట అనుకుంటారు.

కానీ అదే శంకరులు బ్రహ్మసూత్ర భాష్యంలో (2వ అధ్యాయం, 1వ పాదం, 33వ సూత్రం) ఏ లోటూ లేని పరమాత్మ ఈ సృష్టి ఎందుకు చేశాడన్న ప్రశ్నకు జవాబు చెబుతూ లీల అన్నారు. కోరికలన్నీ తీరిన రాజు ఏ ప్రయోజనమూ ఆశించకుండా ఆటపాటల్లో గడిపినట్టు, మనం ఊపిరి తీసి వదిలినట్టు, అది సహజంగా జరుగుతుందని వివరించారు. అంటే ఆట పిల్లలతో మొదలై ఆగిపోలేదు, ఈశ్వరుడి దాకా వెళ్లింది!

ఈ రెండూ ఒకదానికొకటి అడ్డమా? కాదు. మొదటి చోట ఆయన హెచ్చరించింది ఆసక్తి గురించి, అంటే అంటుకుపోవడం గురించి. రెండో చోట చెప్పింది ఏ లోటూ లేని ఆట గురించి. ర్యాంకు కోసం, కోపం తీర్చుకోవడం కోసం, రేపటి ఆఫీసు మర్చిపోవడం కోసం ఆడే ఆట వేరు. ఊరికే, ఆనందంగా ఉంది కాబట్టి ఆడే ఆట వేరు. పెద్దయ్యాక తగ్గాల్సింది మొదటిది. మన దగ్గర చాలాసార్లు తిరగబడి జరుగుతుంది. రెండోది తగ్గిపోయి, మొదటిది మిగులుతుంది.

వైరాగ్యమో కాదో ఇలా తెలుస్తుంది

గీత రెండో అధ్యాయంలో కృష్ణుడు ఒక సూక్ష్మం చెబుతాడు. విషయాలకు దూరంగా ఉన్నంత మాత్రాన వాటి మీద ఉన్న రుచి పోదు. కాబట్టి పరీక్ష ఇది: కొత్త గేమ్ వద్దనుకున్న ఆ రెండు గంటలు ఎటు పోయాయి? జపానికో, నిద్రకో, ఇంట్లోవాళ్లతో కబుర్లకో పోతే సంతోషం, అది నిజంగానే వదులుకోవడం. మంచం మీద పడుకుని రెండు గంటలు రీల్స్ తోసుకుంటూ పోతే, లేచాక ఏం చూశామో కూడా గుర్తులేకపోతే, అది వైరాగ్యం కాదు. గీత దానికి పెట్టిన పేరు తమస్సు.

దీనికి అటువైపు గొయ్యి కూడా ఉంది. యయాతి కథ తెలుసు కదా? శాపంతో ముసలితనం వచ్చిపడితే, కొడుకు పూరుడి యవ్వనం అడిగి తీసుకుని వెయ్యేళ్లు అనుభవించాడు. అనుభవించిన కొద్దీ కోరిక పెరిగిందే తప్ప తరగలేదని చివరికి తెలుసుకుని, యవ్వనం తిరిగిచ్చేశాడు. వారానికో కొత్త గేమ్ కొనేసి, అన్నీ సగంలో వదిలేసే వాళ్లది ఆ దారి. అది రజస్సు. ఇక డబ్బు పందేలు కలిశాయంటే ఎక్కడ ఆగాలో ధర్మరాజుకే తెలియలేదు, మనమెంత? ఆన్‌లైన్ మనీ గేమ్స్‌ని నిషేధిస్తూ 2025 ఆగస్టులో కేంద్రం చట్టమే తెచ్చింది. వాటి మీద ఉత్సాహం తగ్గితే దేవుడికి దండం పెట్టుకోండి.

అవధూత గురువుల్లో ముగ్గురు

మరి మధ్యలో దారి ఏది? భాగవతం పదకొండో స్కంధంలో యదు మహారాజు ఒక అవధూతను అడుగుతాడు, ఇంత ఆనందంగా ఎలా ఉన్నావని. ఆయన ప్రకృతిలోనూ లోకంలోనూ తనకు దొరికిన 24 మంది గురువుల గురించి చెబుతాడు. అందులో ముగ్గురు మన సమస్యకు సరిపోతారు.

కొండచిలువ. వెతుక్కుంటూ పరుగులు పెట్టదు, దొరికిన దానితో తృప్తిపడుతుంది. పాత గేమ్‌తోనే హాయిగా ఉంటే అదేం నేరం కాదు. మన ఊళ్లలో రచ్చకట్ట మీద పెద్దమనుషులు ఏళ్ల తరబడి అదే పచ్చీసు ఆడతారు. అదే పటం, అవే గవ్వలు. వాళ్లను ఎవరైనా "కొత్తది ట్రై చెయ్యరా" అని అడుగుతారా?

తేనెటీగ. చిన్న పువ్వా పెద్ద పువ్వా అని చూడకుండా సారం తీసుకోవడం ఒక పాఠం. దాచిపెట్టుకున్న తేనె తనకు దక్కకుండా పోవడం ఇంకో పాఠం. తెరవని గేమ్స్‌తో నిండిన లైబ్రరీ చూసినప్పుడల్లా ఆ రెండో పాఠం గుర్తు తెచ్చుకోండి.

పసిపిల్లవాడు. మానావమానాల పట్టింపు లేదు, ఇంటి చింత లేదు, తనలో తాను ఆడుకుంటాడు. అవధూత పిల్లవాడి దగ్గర నేర్చుకున్నది చేతివేగం కాదు. ఓడిపోతే నలుగురూ ఏమనుకుంటారో అన్న భయం లేకపోవడం. వయసుతో పోకూడనిది ఇదే.

దీనివల్ల పోయేది ఏంటి?

గేమే కదా, ఆడకపోతే ఏం పోతుంది అనొచ్చు. గేమ్ పోతే ఏమీ పోదు. కానీ మీ అమ్మ ఫోన్‌లో డబ్బులు ఎలా పంపాలో మూడోసారి అడిగినప్పుడు విసుక్కున్నారా? "ఎన్నిసార్లు చెప్పాలమ్మా" అన్నారా? ఆమె అరవై ఏళ్ల వయసులో తెలియని తెర ముందు భయం భయంగా వేలు పెడుతోంది. మనం ముప్పైలో ఉండి, మేనల్లుడు ఇచ్చిన కంట్రోలర్ పట్టుకోవడానికి సిగ్గుపడుతున్నాం. కొత్తగా నేర్చుకునేవాడి అవస్థ ఎలా ఉంటుందో మర్చిపోయినవాడికి, ఎదుటివాళ్ల అవస్థ మీద దయ కూడా తగ్గుతుంది.

ఇంకొకటి. ఆ మేనల్లుడు "ఒక్కసారి ఆడు మామా" అని ఈ దసరాకి అడుగుతాడు, సంక్రాంతికి అడుగుతాడు. రెండు మూడు పండగలు కాదంటే, తర్వాత అడగడు. వాడు మనల్ని పిలిచింది గేమ్‌లోకి మాత్రమే కాదు, తన లోకంలోకి. అది ఒకసారి మూసుకుపోయాక వాడికి పద్దెనిమిది వచ్చినప్పుడు "మాతో ఏమీ చెప్పడు" అని బాధపడి లాభం లేదు.

ఒక చిన్న సంకల్పం

నెలకు ఒక్కటంటే ఒక్కటి, కొత్త ఆట. ఖరీదైనదే కానక్కర్లేదు. మన పురాణాల నేపథ్యంలో పుణె వాళ్లు చేసిన, 2020లో వచ్చిన రాజీ లాంటిది కావచ్చు, తాతయ్య నేర్పే పచ్చీసు కావచ్చు. ఒక గంట ఆడండి. వీలైతే మీకంటే చిన్నవాళ్ల దగ్గర నేర్చుకోండి. హాయిగా ఓడిపోండి. గంట తర్వాత నచ్చకపోతే వదిలేయండి. రుచి చూసి వదలడం వేరు, భయపడి వదలడం వేరు.

చెన్నూరు అగస్త్యేశ్వరాలయంలో శతాబ్దాలుగా ఆరకుండా వెలుగుతోందని ఊరివాళ్లు చెప్పుకునే అఖండ జ్యోతి ఉంది. వెళ్తే తప్పకుండా దర్శించుకోండి. ఆ జ్యోతిని పాతది అంటాం కానీ, అందులో నూనె మాత్రం ఎప్పటికప్పుడు కొత్తగా పోయాల్సిందే. పోసే చెయ్యి ఉన్నంతకాలం దానికి వయసు లేదు.

హర హర మహాదేవ.