పరదత్తానుపాలనము

2019వ సంవత్సరము జూన్ 18వ తేదీన తెలంగాణ మంత్రివర్గము హైదరాబాదు నగరమందలి ఎర్రమంజిల్ ప్రాసాదమును తొలగించి ఆ స్థలమున నూతన శాసనసభా భవనమును నిర్మింపవలెనని నిశ్చయించినప్పుడు, అదే నెల 27వ తేదీన శంకుస్థాపనయు జరిగిపోయినప్పుడు, ఆ ప్రాసాదమున నొక్క గదికైనను హక్కుదారులు కానివారు, దాని విందుశాలలలో నెన్నడును కూర్చుండి యెరుగనివారు, అనేకులు దాని పక్షమున నిలిచిరి. చరిత్రాభిమానులును, వాస్తుశిల్ప విద్యార్థులును, సామాన్య నగరవాసులును గొంతెత్తిరి. దానిని కట్టించిన నవాబు ఫక్రుల్ ముల్క్ వంశీయులును మరికొందరును ఉన్నత న్యాయస్థానము నాశ్రయించిరి. సెప్టెంబరు 16వ తేదీన న్యాయస్థానము మంత్రివర్గ నిర్ణయమును కొట్టివేసెను, ప్రాసాదము నిలిచినది. వారసత్వ కట్టడముగా రక్షణ పొందిన భవనమును నగరాభివృద్ధి సంస్థ ముందస్తు అనుమతి లేనిదే పడగొట్టరాదని న్యాయమూర్తులు చెప్పిన మాటతో వ్యాజ్యము ముగిసినది గాని, దానితో ముగియని ప్రశ్న యొకటి నన్ను విడువక వెంటాడుచున్నది. తనది కాని గోడ కూలుచున్నదని విన్నంతనే మనుష్యుని హృదయ మేల తల్లడిల్లవలెను? ఆ తల్లడిల్లుట ధర్మమా, మోహమా?

మోహమే యని చెప్పువారి వాదము తేలికగా త్రోసిపుచ్చదగినది కాదు. నామరూపములు వచ్చుచు పోవుచు నుండునవి యనియు, వాని కాధారమైన వస్తువొక్కటియే సత్యమనియు ఉపనిషత్తులు బోధించుచున్నవి; ఛాందోగ్యమున ఉద్దాలకుడు శ్వేతకేతునకు మృత్పిండమును దృష్టాంతముగా చూపి చెప్పినది ఇదియే. ఘటము పగిలినంతమాత్రమున మట్టికి లోటు లేదు. పతంజలి మహర్షి అభినివేశమును, అనగా బ్రతుకును విడువజాలని పట్టుదలను, పంచక్లేశములలో నొకటిగా లెక్కించెను. ఒకనాడు దేహమునే విడువవలసినవాడు ఇటుకను, సున్నమును పట్టుకొని యేల వ్రేలాడవలెను? బ్రతికియున్నవారికి సభాభవనము కావలెను, ఆసుపత్రి కావలెను, విశాలమైన బాట కావలెను. గతించిన ప్రభువుల వైభవమునకు కావలి కాయుటలో పురుషార్థ మేమున్నది? భూమి ధరను మాత్రమే లెక్కపెట్టుచు వైరాగ్యపు మాటలు వల్లించువారి సంగతి యటుంచుదము. నిజముగా విరాగియైనవాడు ఈ ప్రశ్న నడిగినయెడల, ఆ ప్రాసాదము పక్షమున నిలిచినవా రందరును సమాధానము చెప్పవలసినవారే.

సర్వమును అనిత్యమని అందరికంటె గట్టిగా చెప్పినవారు బౌద్ధులు. అట్లు చెప్పిన వారే మన కృష్ణాతీరమున, నాగార్జునకొండ లోయలో, చైత్యములను విహారములను ఎడతెగక నిర్మించిరి. ఇక్ష్వాకు రాజైన వీరపురుషదత్తుని కాలమున అతని మేనత్త చాంతిసిరి అక్కడి మహాచైత్యమునకు చేసిన దానములను రాతిస్తంభములపై చెక్కించినది. క్షణికవాదమును విన్నవారు శిలను చెక్కించుటలో విరోధమున్నదని మన మనుకొందుము. వారికి ఆ విరోధము తోచలేదు. తనంతట తాను నిలిచియుండు దానికి రక్షకునితో పని యేమి? ఆకాశమును కాపాడుమని యెవ్వరును ఎవ్వరిని వేడుకొనరు. నశించునది యని తెలిసినందువలననే దీపమునకు చేతులు అడ్డుపెట్టుచున్నాము. అనిత్యత్వ జ్ఞానము నిర్లక్ష్యమునకు దారి తీయవలెనను నియమము లేదు. అది శ్రద్ధకును దారి తీయగలదు, తెలుగునేలపై తీసినది కూడ. నాగార్జునసాగరము క్రింద ఆ లోయ మునుగనున్నదని తెలిసిన పిదప 1954 మొదలు 1960 వరకు అచ్చట త్రవ్వకములు జరిపి, కొన్ని కట్టడములను కొండపైకి చేర్చి మరల కూర్చినప్పుడు పొలములకు నీరు వలదని ఆ పండితు లనలేదు, రాళ్లు మునిగిపోవుగాక యనియు అనలేదు.

మన దానశాసనముల సంగతి ఇంతకంటె లోతైనది. చాళుక్యుల కాలమునుండి కాకతీయుల వరకును, ఆ తరువాతను, గుడికో చెరువుకో అగ్రహారమునకో దానమిచ్చిన దాత తన దానము సూర్యచంద్రులున్నంత కాలము నిలుచుగాక యని వ్రాయించెను. అంతటితో ఊరకుండక, ఆ శాసనము తుదను రాబోవు రాజులకొక విన్నపమును చెక్కించెను. స్వదత్తముకంటె, అనగా తా నిచ్చిన దానికంటె, పరదత్తమును, అనగా ఇతరు లిచ్చిన దానిని, పాలించుట రెట్టింపు పుణ్యమని ఆ శ్లోకములు పలుకుచున్నవి. తన వంశమున పుట్టినవారైనను, పరరాజుల వంశమున పుట్టినవారైనను, ఈ ధర్మమును కాపాడినవారికి చేతులు జోడించి నమస్కరించుచున్నానని దాత చెప్పుకొనుచున్నాడు. మహామండలేశ్వరుడననియు శత్రురాజులకు సింహమననియు బిరుదులు ప్రకటించుకొన్నవాడు, తన సింహాసనమును రేపు అపహరింపగల పగవాని మనుమనికి ఈనాడే మ్రొక్కుచున్నాడు! మన వాఙ్మయమున వినయమున కింతకంటె గొప్ప నిదర్శనము నాకు తోపదు. తన రాజ్యము నిలువదని అతనికి తెలియును. తన వంశము నిలువకపోవచ్చుననియు తెలియును. నిలువవలసినదానిని అపరిచితుని దయకు అప్పగించి పోయినాడు.

కట్టించుటలో కర్తృత్వాభిమానమునకు చోటున్నది. శిలాఫలకముపై పేరుండును, కీర్తి యుండును. ఇతరుడు కట్టించినదానిని కాపాడువానికి ఆ ఫలకముపై స్థానము లేదు. స్వామ్యము లేని మమత, ఫలములో భాగము లేని శ్రమ, కర్మయోగమునకు ఇంతకంటె సమీపముగా గృహస్థుడైనవాడు ఏ పనివలన చేరగలడో నే నెరుగను. మోహమునకు లక్షణము తనకై పట్టుకొనుట. ఎర్రమంజిల్ పక్షమున విన్నపములు చేసిన విద్యార్థికి ఆ భవనమునుండి దక్కునది ఒక్క ఇటుకయు లేదు. కావున విరాగి వేసిన ప్రశ్నకు మొదటి సమాధాన మిది: ఈ రక్షణచింత వైరాగ్యమునకు శత్రువు కాకపోగా, దాని కొక అభ్యాసము కాగలదు.

ఇచ్చట నొక ఆక్షేపణ రాకపోదు. శాసనములలోని దానము ప్రజల కొరకు ఇచ్చినది. నవాబు కట్టించినది తన విలాసమునకై కదా, పంతొమ్మిదవ శతాబ్ది ఉత్తరార్ధమున రైతుల పన్నులు ప్రభువుల భవంతులుగా మారినప్పుడు ఆ రైతుల మునిమనుమలు వానిని కాపాడవలెననుట ఏమి న్యాయము? ఈ మాటలో సత్యము కలదు, దానిని దాచరాదు. అయినను ఆ భవనమును ఎత్తినవి నవాబు చేతులు కావు. గారను నలుగగొట్టినవాడు, పూలతీగెలను సున్నముతో మలచినవాడు, మెట్లపై రాళ్లు మోసినది, వీరి పేర్లు ఏ పత్రమునను లేవు. వారి చేతిపని తక్క వారిని గూర్చి మనకు మిగిలిన సాక్ష్యము లేదు. ప్రాసాదమును కూల్చినయెడల నవాబు కీర్తికి వచ్చు నష్టము స్వల్పము, అతని పేరు గ్రంథములలో నున్నది. ఆ కూలివాడు మాత్రము రెండవసారి మరణించును. పైగా ఆ భవనము విలాసమందిరముగా ఉండుట ఎన్నడో మానినది. ప్రభుత్వ కార్యాలయములకు నెలవై, దస్త్రములు పట్టుకొని తిరిగిన వేలమంది సామాన్యుల అడుగులు దాని మెట్లపై పడినవి. ప్రభువు తనకై కట్టుకొన్నదానిని కాలము మెల్లగా ప్రజలకు దానము చేసినది.

కాలము చేసిన దానమునకు ఇంకొక విశేషము కలదు. 2020 జూలైలో హైదరాబాదులోని పాత సచివాలయ భవనములను పడగొట్టినప్పుడు ఆ ఆవరణమందలి నల్లపోచమ్మ గుడియు రెండు మసీదులును దెబ్బతిన్నవి. ప్రజలు బాధపడిరి, ముఖ్యమంత్రి విచారము ప్రకటించెను, ప్రభుత్వ వ్యయముతో వానిని మరల కట్టించి 2023 ఆగస్టులో తెరచిరి. వానితోపాటు ఒక క్రైస్తవ దేవాలయమును కట్టించిరి. ఆ కూల్చివేతలోనే 1888లో కట్టిన సైఫాబాద్ ప్రాసాదమును పోయినది. అది మరల రాలేదు, రానేరదు. ఈ భేదమును గూర్చి ఆలోచింపవలసి యున్నది. గర్భాలయమును బాగుచేయవలసినప్పుడు మూర్తియందలి శక్తిని కలశములోనికి ఆకర్షించి, బాలాలయమను తాత్కాలిక మందిరమున నుంచి, పని ముగిసిన పిమ్మట పునఃప్రతిష్ఠ చేయు విధానమును ఆగమములు చెప్పినవి. దేవత సర్వవ్యాపి కనుక భక్తుడు పిలిచినచోట పలుకును. మసీదులో నమాజు గోడలకు చేయునది కాదు, గోడలకు అతీతుడైన వానికి చేయునది. దేవుని మరల పిలువవచ్చును. గడచిన నూటముప్పది సంవత్సరములను పిలుచు మంత్రమును ఏ ఆగమమును చెప్పలేదు. దేవాలయము విషయమున తొందరపడి ఉద్వేగము చెందు మనము, ప్రాసాదమును, పాత బజారును, ఊరి మఱ్ఱిని మాత్రము లౌకికములని ఉపేక్షించుచున్నాము. శాస్త్రము ననుసరించి చూచినచో పునఃప్రతిష్ఠ లేనివానియందే ఎక్కువ జాగరూకత చూపవలసి యుండెను. తన మతమువారి కట్టడమునకై మాత్రమే కన్నీరు కార్చువాడు పరదత్తమును పాలించువాడు కాడు. అతడు స్వదత్తమునకే కాపలా కాయుచున్నాడు, అతని విషయమున విరాగి చెప్పిన మోహమను మాట నూటికి నూరుపాళ్లు వర్తించును.

అన్నిటికంటె కఠినమైన పరీక్ష ఉస్మానియా ఆసుపత్రి. 1908 సెప్టెంబరు 28వ తేదీన మూసీనది పొంగి వేలకొలది జనమును మ్రింగినప్పుడు, అఫ్జల్‌గంజ్ వైద్యశాల ఆవరణమందలి చింతచెట్టు నెక్కి దాదాపు నూటయేబది మంది ప్రాణములు దక్కించుకొన్నారు. ఆ చెట్టు నేటికిని అచ్చటనే యున్నది. ప్రతి సంవత్సరము ఆ దినమున కొందరు నగరవాసులు దాని నీడను చేరి మృతులను స్మరించి చెట్టునకు కృతజ్ఞత చెప్పుకొనుచున్నారు. కృతఘ్నతకు ప్రాయశ్చిత్తము లేదని ధర్మవేత్తలు నిర్ణయించిరి. జడమైన వృక్షమునకు కృతజ్ఞత యేమి యని అడుగువానికి నే నీయగల సమాధానము, ఆ కొమ్మను పట్టుకొని బ్రతికినవాని మనుమనిని చూడుమనుటయే. ఆ వరద తరువాత ఆ ఆవరణమున విన్సెంట్ ఎష్ రూపకల్పనచేత లేచిన ఉస్మానియా భవనమును 2015లో కూల్చివేయ నుద్దేశించినప్పుడు నగరము మరల కదలినది; మరమ్మతులతో అది నిలువగలదని వారసత్వ నిపుణులు చెప్పిరి; కూల్చివేత ఆగినది.

ఆగినది గాని, రోగి మంచము మాటయేమి? 2020 జూలైలో వాననీరు, మురుగునీరు ఆ వార్డులలోనికి చొచ్చి, మంచములక్రింద పారినది; రోగులను వేరొకచోటికి తరలింపవలసి వచ్చినది. ఇక్కడ నేను తడబడకుండ చెప్పవలసిన మాట యున్నది. ప్రాణము శిలకంటె గొప్పది. గోపురము సౌందర్యము కొరకు ఒక్క నిరుపేద మురుగునీటిలో పరుండవలసి వచ్చినను ఆ సౌందర్యరక్షణ అధర్మమే యగును. అయితే రోగిని అచ్చటికి తెచ్చినది సౌందర్యము కాదు, ఏండ్ల తరబడి జరుగని మరమ్మతు. గోడను బాగుచేయక విడిచి, పిదప గోడ బాగులేదు కనుక కూల్చవలెననుట తర్కమునకు నిలువదు. తుదకు క్రొత్త ఆసుపత్రికి 2025 జనవరి 31న గోషామహల్ మైదానమున శంకుస్థాపన జరిగినది. ఒక కట్టడము బ్రతుకుటకు మార్గ మేర్పడినది. ఆ మైదానమును తమ దినచర్యలో భాగముగా చేసికొన్న గోషామహల్ వాసులు మా ఖాళీస్థలము పోవుచున్నదని మొరపెట్టుకొనిరి. వారి మొరను అభివృద్ధికి అడ్డమని కొట్టివేయుటకు నాకు నోరు రాదు. ఒకచోట రక్షణచింతను మెచ్చుకొని, మరియొకచోట దానినే స్వార్థమనుట నాకు న్యాయముగా కనబడదు. పిల్లల ఆటస్థలము పరదత్తము కాదా? రోగికి మంచము, పిల్లలకు మైదానము, రెండును ధర్మములే యైనప్పుడు గొప్ప ధర్మమునకు చిన్న ధర్మము చోటు విడువవలెను. విడిచినదానికి ఋణము మాత్రము మిగిలియుండును, ఆ వాడకు వేరొక మైదానము నిచ్చువరకు అది తీరదు.

దానశాసనములలో ధూపదీప నైవేద్యముల ప్రక్కనే ఖండస్ఫుటిత జీర్ణోద్ధారణమునకు, అనగా విరిగినదానిని పగిలినదానిని బాగుచేయుటకు, ప్రత్యేకముగా భూమిని విడిచిపెట్టిన పద్దు తరచుగ కనబడును. కట్టించిన దినముననే పగుళ్లకు పైకము కేటాయించినవారు మన పూర్వులు. కూల్చవద్దని చెప్పిన తీర్పు రావిమొలకను గోడనుండి పెరికివేయదు, కురియు కప్పునకు సున్నము వేయదు. ఎర్రమంజిల్ కొరకు విన్నపములపై సంతకము చేసినవారు, ఉస్మానియా కొరకు బారులు తీరినవారు, ఇకమీదట ప్రతి సంవత్సరము పురపాలక సంఘపు ఆదాయవ్యయ పట్టిక వెలువడునప్పుడును అంతే సంఖ్యలో పోయి, మా పేటలోని పాత కట్టడముల మరమ్మతునకు ఈ యేడు ఎంత వ్రాసితిరని అడుగవలెను. వ్రాయకున్నయెడల వ్రాయువరకు అచ్చటనే కూర్చుండవలెను.