వజ్రం దగ్గర తప్పిన నియమం

పార్థివమైన, అంటే పృథివీ ద్రవ్యంతో ఏర్పడిన ప్రతి వస్తువునూ ఇనుముతో గీయవచ్చునన్న నియమం వందసార్లు నిజమైనా వజ్రం దగ్గర తప్పిపోతుందన్న ఆక్షేపణను, తెలుగు నైయాయికుడు అన్నంభట్టు తన తర్కసంగ్రహానికి తానే కూర్చుకొన్న దీపికావ్యాఖ్యలో చర్చించాడు. హేతువు, అంటే గుర్తు, ఉన్నచోటల్లా సాధ్యం, అంటే దానితో తేల్చదలచినది, ఉండి తీరుతుందన్న నియమమే వ్యాప్తి. దాని జ్ఞానం కేవలం ఎన్నిసార్లు కనబడిందన్న లెక్క మీద కాక, తప్పిన చోటు, అంటే వ్యభిచారం, తెలియరాకపోవడం మీద కూడా ఆధారపడుతుందని ఆయన తేల్చాడు. వజ్రం కంటే గట్టివని కంప్యూటర్ గణనలు చెప్పే కొత్త కర్బన రూపాలను ఎవరూ తాకకముందే నమ్మవచ్చునా అన్న నేటి ప్రశ్నకు జవాబు ఈ చర్చలోనే మొదలవుతుంది.

హైదరాబాదు పంజాగుట్టలో నగల వ్యాపారి కంటికి భూతద్దం ఆనించి, పట్టకారు కొసన తిప్పి చూసే వజ్రం కర్బనమే. అతని బల్ల మీది పెన్సిల్ ములుకులోని గ్రాఫైట్ కూడా కర్బనమే. మొదటిదానిలో ప్రతి పరమాణువూ నాలుగు పరమాణువులను సమానంగా పట్టుకొని ఉంటే, రెండోదానిలో మూడింటితోనే కలిసి పలుచని పొరగా పరుచుకొంటుంది; పొరల నడుమ పట్టు బలహీనం కనుకనే కాగితం మీద గీత పడుతుంది. కాఠిన్యం తర్కశాస్త్రం లెక్కించే ఇరవైనాలుగు గుణాలకు అదనంగా చేరే మరో గుణం కాదని, అవయవాల సంయోగవిశేషమేనని, అంటే భాగాల కూడికలోని ప్రత్యేకతేనని అదే దీపిక చెప్పడం విస్మయం కలిగిస్తుంది. అన్నంభట్టుకు ఆధునిక రసాయనశాస్త్రం తెలుసునని దీనికి అర్థం కాదు. ప్రశ్నను సరైన చోట నిలిపాడని మాత్రమే అర్థం.

అరిజోనాలోని కాన్యన్ డయాబ్లో ఉల్కాశకలంలో దొరికి, 1967లో లోకానికి తెలిసిన లాన్స్‌డేలైట్ అనే కర్బన రూపంలో వజ్రపు బంధాలే షడ్భుజ క్రమంలో పేర్చి ఉంటాయి. దాని కాఠిన్యం వజ్రం కంటే 58 శాతం ఎక్కువని 2009లో ఒక గణన చెప్పింది. అయితే ఆ గణన లోపంలేని శుద్ధ స్ఫటికానికి సంబంధించినది. ఉల్కలోని రేణువులు అతి సూక్ష్మమైనవి, మలినాలతో కలిసినవి. నిప్పున్నంత మాత్రాన పొగ ఉండదని, తడి కట్టె తోడైతేనే పొగ వస్తుందని చెప్పి, ఆ తడి కట్టె కలయిక వంటి అదనపు షరతును తార్కికులు ఉపాధి అంటారు. ఇక్కడ స్ఫటిక శుద్ధతే ఉపాధి.

వజ్రంలోని ఒక్కొక్క పరమాణువు స్థానంలో నాలుగు పరమాణువుల గుత్తిని ఉంచి 2011లో ఊహించిన టీ-కార్బన్, 2017లో ప్రయోగశాలలో తయారైనట్లు ప్రకటన వెలువడింది. ఇది అనుమానం, అంటే హేతువుతో చేసిన ఊహ, ప్రత్యక్షాన్ని, అంటే నేరుగా చూడటాన్ని, చేరిన సందర్భం. కోటి వాతావరణ పీడనాలకు పైబడితేనే స్థిరపడుతుందంటున్న బీసీ8 అనే కర్బన రూపం విషయంలోనూ గణనను నిరాకరించనక్కరలేదు; కానీ పరీక్షకు నిలిచేవరకు, ఉపాధిని చెప్పకుండా దాని దృఢత్వాన్ని చెప్పరాదు.