దాదీ మాఫ్ చేసిందా?

మా దాదీ గురించి చెప్పమంటే మేమందరం ఒకే మాట చెబుతాం. ఎంత ఓపిక! ఎంత సబర్! దాదాకు ఏనాడూ ఎదురు చెప్పలేదు. పిల్లలు తిన్నాకే తిన్నది. రంజాన్‌లో సహరీకి అందరికంటే ముందు లేచింది. చాట ఒళ్లో పెట్టుకుని తునికాకు కత్తిరించి, బీడీలు చుట్టి మా బడి ఫీజులు కట్టింది. ఆమె నలభయ్యో రోజు ఫాతెహా నాడు భోజనాల దగ్గర కూడా ఇవే మాటలు చెప్పుకున్నాం.

ఆ మాటల్లో అబద్ధం లేదు. కానీ ఈ పొగడ్త ఎవరి కోసం? ఆమె కోసమా, మా కోసమా?

దాదా పోయిన రోజు మాకు గుర్తుంది. జనాజా లేచే ముందు ఒక పెద్దామె దాదీని చెయ్యి పట్టుకుని తెచ్చింది. "మెహర్ మాఫ్ కర్ దో" అంది. మెహర్ అంటే నిఖాలో భర్త భార్యకు ఇస్తానని ఒప్పుకున్న సొమ్ము. అన్నేళ్ల కాపురంలో ఆయన ఇవ్వలేదు, ఈమె అడగలేదు. శవం ముందు, బంధువులంతా చూస్తుండగా, ఏ ఆడమనిషి చెయ్యనంటుంది? దాదీ "మాఫ్" అంది. ఎంత ప్రేమో అని మేం కళ్లు తుడుచుకున్నాం.

అడిగి తీసుకున్న క్షమ, క్షమేనా?

ఖురాన్‌లో నాలుగో సూరా పేరే అన్నిసా, అంటే స్త్రీలు. మెహర్ సంతోషంగా ఇవ్వమని అందులోనే ఉంది. భార్య తన ఇష్టంతో వదులుకుంటే అది వేరే సంగతి. ఇవ్వని మెహర్ అప్పే. ఆస్తి పంచుకునే ముందే తీర్చాలి. ఆ తర్వాత పిల్లలున్న భార్యకు ఎనిమిదో వంతు. కూతురికి కొడుకు వాటాలో సగం. మా ఇంట్లో ఈ లెక్క ఎవరూ కట్టలేదు. ఇల్లు అబ్బా, చాచాల పేర్ల మీదికి పోయింది. ఫుప్పులకు ఈద్‌కు చీరలు పోయాయి. దాదీ అదే ఇంట్లో మూలగదిలో మమ్మల్ని పెంచుతూ బతికింది.

1985లో షాబానో తీర్పు నుంచి 2019లో తలాక్ చట్టం దాకా మా ఆడవాళ్ల గురించి దేశమంతా మాట్లాడింది. మా దాదీకి ఎవరూ తలాక్ చెప్పలేదు. అందుకే ఆమె ఎవరి చర్చలోకీ రాలేదు. షరియత్‌ను కాపాడాలని ఊరేగింపులు తీసిన మాకు, అదే షరియత్ ఆమెకిచ్చిన ఎనిమిదో వంతు గుర్తు రాలేదు.

మా మీద జాలిపడే మిత్రులకూ ఒక మాట. ఆంధ్రప్రదేశ్‌లో 1986లోనే హిందూ ఆడపిల్లకు ఉమ్మడి ఆస్తిలో వాటా ఇచ్చే చట్టం వచ్చింది. అయినా అక్కచెల్లెళ్ల చేత సంతకాలు పెట్టించుకుని, పసుపు కుంకుమ చేతిలో పెట్టి పంపిన ఇళ్లు లేవా?

ఇది రాస్తే మమ్మల్ని కొట్టేవాళ్ల చేతికి కర్ర అందించినట్టేనని మాలో కొందరంటారు. ఆ భయం ఉత్తది కాదు. అయితే ఆ భయానికి వెల ప్రతిసారీ దాదీలే ఎందుకు కట్టాలి?

దాదీ మమ్మల్ని మాఫ్ చేసిందో లేదో ఇక తెలియదు. కానీ ఆమె వాటా ఆమె వారసులది. వారిలో ఫుప్పులున్నారు, ఇంకా బతికే ఉన్నారు. వచ్చే బర్సీ నాడు ఫాతెహాకు కూర్చునే ముందు ఇంటి కాగితాలు బయటికి తీద్దాం. ఆమెను పొగడటం ఆ తర్వాత.