సైగ కూడా మాటే

జనగామ, మహబూబాబాద్, భూపాలపల్లిలలోని మన ఇళ్ళలో తరచూ జరిగేదే ఇది. వినికిడి లేని అమ్మాయి ఎదురుగానే ఉంటుంది. క్షేమసమాచారాలు మాత్రం వాళ్ళమ్మను అడుగుతాం. నికాహ్ విషయంలోనూ అంతే. కన్య మౌనమే ఆమె అంగీకారమని హదీసుల్లో ఉంది, నిజమే. కాని ప్రశ్నే ఆమెకు చేరనప్పుడు ఆ మౌనం అంగీకారమెలా అవుతుంది?

హజ్రత్ జకరియ్యా (అలైహిస్సలాం) మూడు రాత్రులు మాట్లాడలేని స్థితిలో ఉండి, దైవస్తుతి చేయమని ప్రజలకు సైగలతోనే బోధించారని మర్యమ్ సూరా తెలుపుతోంది. అర్థమయ్యే సైగ చేస్తే, మూగవారి నికాహ్‌లో దాన్ని మాటగానే ధర్మవేత్తలు పరిగణించారు.

కనుక వలీ అయినవారు ఆమె ఎదుట కూర్చోవాలి. వరుడెవరో, మహర్ ఎంతో సైగలతోనో, కాగితం మీద రాసో నింపాదిగా తెలిపి అడగాలి. ఆమె తల అడ్డంగా ఊపిందా, సంబంధం అక్కడే ఆగాలి.