అనుదినాహారము తెచ్చునదెవరు?

ధ్యానభాగములు: మత్తయి 6:11; 1 రాజులు 17:1–6



భోజనమునకు ముందు తలలు వంచి, ఈ ఆహారము దేవుడిచ్చినదని మనము స్తుతించుచున్నాము. అయితే దున్నినది రైతు, నాటినది కూలివారు, వండినది తల్లి. ఇందరి చేతులమీదుగా వచ్చిన అన్నమును దేవుని ఈవియని యెట్లు చెప్పగలము? యౌవనస్థులు ఈ ప్రశ్న అడిగినప్పుడు గద్దింపక, వారితో కూడ ఆలోచింపవలెను.

భూమికి సుమారు 400 కిలోమీటర్ల ఎత్తున అంతర్జాతీయ అంతరిక్ష కేంద్రము తిరుగుచున్నది. 2000 నవంబరు నుండి అందులో మనుష్యులు ఎడతెగక నివసించుచున్నారు. అక్కడ విత్తుటకు పొలము లేదు, చేదుటకు బావి లేదు. వారికి కావలసిన ఆహారమును వస్త్రములును మనుష్యులెవరును ఎక్కని సరకు నౌకలు కూడ భూమినుండి కొనిపోవుచున్నవి. అట్టివానిలో మొదటిదైన ప్రోగ్రెస్ నౌకను 1978 జనవరిలో సోవియట్ దేశమువారు సల్యూత్-6 అను కేంద్రమునకు పంపిరి. ప్రోగ్రెస్ నౌక తెచ్చినదంతయు దింపిన పిమ్మట, అక్కడి చెత్తను మోసికొని తిరిగివచ్చుచు గాలిలో కాలిపోవును.

2003లో కొలంబియా నౌక కూలినందున అమెరికా షటిల్ ప్రయాణములు నిలిచిపోయెను. 2004లో కేంద్రమునందున్న లెరోయ్ చియావో, సలిజాన్ షరిపోవ్ అను ఇద్దరు తమ నిల్వను చూచుకొనగా, అనుకొనినదానికంటె ఆహారము తక్కువగానుండెను. ఇద్దరును తమ భోజనమును తగ్గించుకొనిరి. రావలసిన నౌక రాకపోయినయెడల కేంద్రమును విడిచి దిగిరావలసియుండెను. డిసెంబరు 23న బయలుదేరిన ప్రోగ్రెస్ క్రిస్మసునాడు వారిని చేరెను.

ఆ ఆహారమును పంపినదెవరు? దానికొరకు పాటుపడినవారందరు దేవుని ఎరిగినవారో కారో మనకు తెలియదు. కెరీతు వాగునొద్ద ఏలీయాకు రొట్టెను మాంసమును తెచ్చిన కాకోలములు ధర్మశాస్త్రము చొప్పున అపవిత్రమైనవి. ప్రవక్త వానిని త్రోసివేయలేదు. తెచ్చినదానిని తిని బ్రదికెను. దేవుని ఈవిని, మనుష్యుని కష్టమును అన్నదమ్ముల ఆస్తివలె పంచి, ఇది ఆయనది, అది మనదని గట్టు వేయలేము. మొలిచే శక్తిని గింజలో పెట్టినవాడే చేతికి బలమునిచ్చెను.

అయితే దీనికంటె కఠినమైన ప్రశ్న యొకటి కలదు. దేవుడే ఇచ్చువాడైతే, అన్నము చేరని ఇండ్ల సంగతి యేమి? ప్రతి ఆకలికి కారణము మనమెరుగము. కాని చేతులద్వారా ఇచ్చుట దేవుని పద్ధతియైనయెడల, దారిలో నిలిచిపోయిన చేయి మనదేమోయని మొదట చూచుకొనవలెను. 2014 అక్టోబరు మొదలు 2015 జూను వరకు, ఎనిమిది నెలలలో, మూడు సరకు నౌకలు నష్టమాయెను. అయినను కేంద్రములోనివారు పస్తుండలేదు. ముందుగా దాచిన నిల్వ వారిని ఆదుకొనెను. జూలైలో మరియొక ప్రోగ్రెస్ చేరెను. ఒకటి తప్పిపోయినందున పంపువారు పంపుట మానలేదు.

ప్రభువు నేర్పిన ప్రార్థనలో మనము "నాకు" అని అడుగము, "మాకు" అని అడుగుదుము. ఆ మాటలో మన వీధి చివరనున్న విధవరాలును, పని దొరకని కూలివాడును ఉన్నారు. మన సంఘములలో స్త్రీలు ఎసటిలో బియ్యము పోయకముందు పిడికెడు తీసి వేరుగా ఉంచు అలవాటు చిన్నది కాదు. ఎవరికి చేరునో తెలియకుండ పంపిన ఆహారమది. ఆ పిడికిలిని అందుకొనినవారు దేవుడే పంపెనని స్తుతించిన యెడల, వారు పలికినది సత్యమే.

కాబట్టి ప్రియులారా, ఈ నెలలో "మాకు" అని ప్రార్థించునప్పుడెల్ల, మన గడప దాటి పోవలసిన పాలు ఇంకను మన కుండలోనే యున్నదేమో చూచుకొందము గాక.