దిబ్బను శుద్ధి చేయుటయు కాయకమే



సత్యక్క యను శివశరణి భక్తుల వాకిళ్లు ఊడ్చుటనే తన కాయకముగా స్వీకరించినది. కల్యాణములో మంత్రిపదవి నిర్వహించిన బసవేశ్వరునకును, చీపురు పట్టిన సత్యక్కకును శరణుల నడుమ ఒకే గౌరవము. పనినిబట్టి ఎవరును తక్కువ కారను సత్యమును పన్నెండవ శతాబ్దిలోనే మన పెద్దలు ఆచరించి చూపిరి.

నేడు మన వాకిళ్లు శుభ్రముగనే ఉన్నవి. అయితే ఊడ్చిన చెత్త ఎక్కడికి పోవుచున్నది? ప్రొద్దుటూరైనను, జమ్మలమడుగైనను, పులివెందులయైనను ప్రశ్న ఒక్కటే. అది ఊరి వెలుపలికి పోవును. ఊరి వెలుపల ఎవరి ఇండ్లు ఉండునో మనకు తెలియనిది కాదు. దిబ్బపై వాన కురిసినప్పుడు నల్లని ద్రవము నేలలోనికి ఇంకి బావులను, బోరులను చెరచును. పాదోదకమును కన్నులకద్దుకొను మనము, పొరుగువాడు త్రాగు నీటిని మలినము చేయవచ్చునా?

చెడిన నేల బాగుపడదని నిరాశ చెందనవసరము లేదు. ఇందూరు నగరములో దేవగురాడియా వద్ద సుమారు 100 ఎకరములలో 13 లక్షల టన్నుల పాత చెత్త పేరుకొని యుండెను. 2018లో దానిని త్రవ్వి, వేరుచేసి, నేలను ఖాళీ చేసి, మొక్కలు నాటిరి. దీనిని బయోమైనింగ్ అందురు. దిబ్బను వరుసలుగా పరచి, సూక్ష్మజీవుల ద్రావణము చల్లి, పలుమార్లు తిరుగవేసి, ఆరిన పిమ్మట జల్లెడ పట్టుదురు. మన్ను, రాళ్లు, ఇనుము, ప్లాస్టిక్కు వేరగును. మండు పదార్థములను సిమెంటు బట్టీలలో ఇంధనముగా వాడవచ్చును. ఎర్రగుంట్ల ప్రాంతమున సిమెంటు కర్మాగారములు ఉండుట మనకొక సౌకర్యము. పాత దిబ్బల తొలగింపు 2021లో ఆరంభమైన స్వచ్ఛభారత్ రెండవ దశ లక్ష్యములలో ఒకటి.

అయినను తొందరపాటు తగదు. మన్నును, నీటిని పరీక్షింపక, వాయువులు వెలువడుట ఆగినదని తెలిసికొనక, పిల్లలను ఆడుకొనుటకు పంపరాదు. అన్ని నేలలు ఆటస్థలములు కాజాలవు. పులివెందుల ప్రాంతమున బ్రాహ్మణపల్లె వద్ద పూర్వము రాతినార గనులుండెను. ఆ నార ధూళి ఊపిరితిత్తులకు క్యాన్సరు తెచ్చును. ప్రభుత్వము 1986లో క్రొత్త కౌళ్లను, 1993లో పాత కౌళ్ల పొడిగింపును నిలిపినది. తుమ్మలపల్లె యురేనియం శుద్ధి వ్యర్థముల చెరువు వంటి స్థలమును తరతరములు కాపాడవలసినదే కాని, ఉద్యానవనముగా తలపరాదు. ఏది బాగుపడునో, ఏది పడదో ఎరుగుటయు వివేకమే.

ఇక అసలు పరీక్ష మరియొకటి కలదు. దిబ్బ పోయి తోట వెలసిన నాడు దాని ద్వారము ఎవరికి తెరచియుండును? ఇంతకాలము ఆ దుర్గంధము భరించినవారి బిడ్డలు, చెత్త ఎత్తిన కార్మికుల బిడ్డలు, మన బిడ్డలతో కలిసి ఒకే ఊయలలో ఊగవలెను. అట్లు కానిచో మనము నేలను మాత్రమే శుద్ధి చేసితిమి, మనస్సును కాదు.

ఆయ్దక్కి లక్కమ్మ, భర్త అవసరమునకు మించి తెచ్చిన బియ్యమును ఇంట ఉంచుకొనక తిరిగి పంపినది. అధికమే చెత్తకు మూలము. కావున మఠములందు దాసోహము జరుగు దినమున ప్లాస్టిక్కు విడిచి ఆకు విస్తళ్లు వాడుదము. ఇంట తడి, పొడి, హానికర వ్యర్థములను వేరుచేయుదము. 2016 నాటి నియమములు కోరినదియు ఇదియే. మన వీధికి వచ్చు పారిశుద్ధ్య కార్మికుని "అన్నా" అని, "అక్కా" అని పిలుచుదము. అరచేత లింగమును నిలుపుకొన్నవారికి ఆ చేతితోనే చీపురు పట్టుట అగౌరవము కాదు.